పేరు లేని ముఖాలు: పంతొమ్మిదవ శతాబ్ది చిత్రాలలో గ్రామీణ శ్రామికులు – పల్నాటి నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పద్దెనిమిదవ శతాబ్ది చివరి నుంచి పంతొమ్మిదవ శతాబ్ది మధ్య వరకు మద్రాసు రాజధానిలో భారతీయ చిత్రకారులు ఆంగ్లేయ కొనుగోలుదారుల కోసం కులవృత్తుల చిత్రాలు పెద్దఎత్తున గీశారు. కళాచరిత్రలో వీటిని ‘కంపెనీ చిత్రాలు’ అంటారు. దక్షిణాది గ్రామీణ శ్రామికుడు కాగితం మీద విరివిగా రూపం పొందింది వీటిలోనే. అయితే ఈ చిత్రాలలో మనిషి కనిపిస్తాడు, అతని పేరు కనిపించదు. ఆ లోపానికి కారణాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇదే కాలపు ఐరోపా రైతు చిత్రాలతోను, ఫ్రేజర్ ఆల్బంతోను, తెలంగాణ నకాషీ పటాలతోను, పల్నాటి వీరారాధనతోను కంపెనీ చిత్రాలను పోల్చుతుంది. చిత్రంలో దక్కని పేరు, మాట శ్రామికునికి తెలుగు సాహిత్యంలో ఎలా దక్కాయో ఉన్నవ, జాషువా రచనల ఆధారంగా సూచిస్తుంది.

కీలకపదాలు: కంపెనీ చిత్రాలు, ముచ్చివారు, కులవృత్తులు, మెకంజీ, డొక్కల కరువు, నకాషీ పటాలు, పల్నాడు, మాలపల్లి.

1. ఉపోద్ఘాతం

నరసరావుపేటలో డిగ్రీ విద్యార్థులకు జానపద వృత్తికళల పాఠం చెబుతూ ఒకసారి తెర మీద ఒక కంపెనీ చిత్రాన్ని చూపించాను. చెప్పులు కుట్టే దంపతుల బొమ్మ అది. భర్త చేతిలో ఆరె, భార్య నెత్తిన గంప. కింద ఆంగ్లంలో కులం పేరు. వెనుక వరుసలోని ఒక విద్యార్థి, “వీళ్ళ పేర్లేమిటి సార్?” అని అడిగాడు. చిత్రం ఏ కాలానిదో, ఏ కాగితం మీద గీశారో, ఇప్పుడు ఏ దేశంలో ఉందో చెప్పగలిగాను కాని ఆ ప్రశ్నకు మాత్రం సమాధానం లేకపోయింది. తన తాతది కూడా అదే వృత్తి అని ఆ విద్యార్థి ఆ తర్వాత చెప్పాడు.

ఈ వ్యాసానికి ప్రేరణ ఆ ప్రశ్నే. ఒక మనిషిని ఎదురుగా నిలబెట్టి, అతని పంచె మడతలను, పనిముట్టు పిడిని శ్రద్ధగా చిత్రించిన చిత్రకారుడు పేరు రాయకుండా ఎందుకు వదిలేశాడు? ఆ పేరు ఎవరికి అవసరం లేకపోయింది? రెండు శతాబ్దాల తర్వాత ఆ చిత్రాలను పాఠ్యాంశాలలో, పరిశోధన గ్రంథాల ముఖపత్రాల మీద వాడుకుంటున్న మనం వాటిని ఎలా చదవాలి?

2. కంపెనీ చిత్రాలు: స్వరూపం, ఉత్పత్తి

మొఘల్, దక్కనీ, తంజావూరు ఆస్థానాల ఆదరణ సన్నగిల్లుతున్న దశలో చిత్రకారులకు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు కొత్త పోషకులయ్యారు. కొత్త పోషకుల అభిరుచి ప్రకారం చిత్రకారులు కొంతవరకు పద్ధతి మార్చుకున్నారు. దళసరి వర్ణాల స్థానంలో పలుచని నీటిరంగులు, స్వదేశీ కాగితానికి బదులు ఐరోపా కాగితం, వెలుగునీడల వాడకం వచ్చాయి. ఈ చిత్రాలను శాస్త్రీయంగా వర్గీకరించిన వారిలో మిల్డ్రెడ్ ఆర్చర్ ప్రముఖురాలు. ఇండియా ఆఫీస్ లైబ్రరీలోని చిత్రాలపై 1972లోను, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం చిత్రాలపై 1992లోను ఆమె ప్రకటించిన పట్టికలు నేటికీ ఈ రంగంలో ప్రధాన ఆధారాలు.

దక్షిణాది కులవృత్తుల చిత్రాలకు స్థిరమైన నమూనా ఒకటి ఉంది. భార్యాభర్తలు పక్కపక్కనే నిలబడి ఉంటారు. వారి చేతుల్లో వృత్తికి సంబంధించిన పనిముట్టు గాని, అమ్మకపు సరుకు గాని ఉంటుంది. వెనుక ఖాళీ ఆకాశం, కాళ్ళ కింద కొద్దిపాటి నేల. అడుగున కులం లేదా వృత్తి పేరు ఆంగ్లంలో, కొన్నింటిలో తమిళంలో లేదా తెలుగులో ఉంటుంది. ఇటువంటి బొమ్మలను కట్టగా కుట్టి అమ్మేవారు. కొనుగోలుదారు స్వదేశానికి వెళ్ళేటప్పుడు తాను చూసిన దేశపు ‘జనాన్ని’ ఒక పుస్తకంగా వెంట తీసుకుపోయేవాడు. మదురలోని అమెరికన్ మిషనరీ డేనియల్ పూర్ ద్వారా 1837లో సేకరించిన ‘భారతదేశ కులాల డెబ్బై రెండు నమూనాలు’ అనే ఆల్బం నేడు యేల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. దాని పేరులోని ‘నమూనాలు’ అన్న మాట ఇక్కడ గమనార్హం. మొక్కలకు, సీతాకోకచిలుకలకు వాడే మాట అది. ఆ కాలంలో కంపెనీ ఉద్యోగులు చెట్లను, పక్షులను కూడా భారతీయ చిత్రకారుల చేతనే గీయించేవారు.

ఈ నమూనా పూర్తిగా భారతదేశంలో పుట్టింది కాదు. ఆంట్‌వెర్ప్‌కు చెందిన బాల్తజార్ సాల్విన్స్ 1791లో కలకత్తా చేరి, అక్కడి కులవృత్తులను వరుసగా చెక్కి ముద్రించాడు. ఆ తర్వాత 1808–1812 మధ్య పారిస్‌లో నాలుగు సంపుటాలుగా వెలువరించాడు. వీధివ్యాపారులను, పనివారిని వరుస బొమ్మలుగా వేసే ఐరోపా సంప్రదాయం అంతకుముందే ఉంది. మద్రాసు రాజధాని చిత్రాలకు స్థానిక చిత్రకారుని రేఖ ఎంత మూలమో, ఈ పరదేశీ వర్గీకరణ దృష్టి కూడా అంతే మూలం.

3. చిత్రకారుడు కూడా శ్రామికుడే

ఈ బొమ్మలు గీసినవారిని నాటి ఆంగ్ల పత్రాలు ‘ముచ్చి’ అని పేర్కొంటాయి. తెలుగులో ముచ్చివారు అంటే తోలుపని చేసేవారు, రంగులు వేసేవారు కూడా. కంపెనీ కచేరీలలో కాగితాలకు గీతలు గీయడం, సిరా కలపడం, పుస్తకాలు కుట్టడం వారి పనులుగా ఉండేవి. అంటే చెప్పులు కుట్టేవారి బొమ్మను గీసినవాడు కూడా ఆ వృత్తికి ఎంతో దూరంలో లేడు. ఆ బొమ్మల్లో కూలివాని పేరు ఎలా లేదో చాలా వాటిలో చిత్రకారుని పేరూ అలాగే లేదు. పేరు రాయకపోవడాన్ని చిత్రకారుని నిర్లక్ష్యంగా భావించే ముందు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి. పేరు కావాలని అడగవలసినవాడు డబ్బు చెల్లించేవాడు. అతనికి కావలసింది ‘ఒక చాకలి’, ‘ఒక కుమ్మరి’. ఫలానా ఊరి ఫలానా చాకలి కాదు.

ఈ సరుకు తర్కమే ఊరి పేరును కూడా తుడిచివేసింది. చిత్రం కింద ‘మాదిగ’ అని ఉంటుంది గాని ఏ ఊరి మాదిగ అన్నది ఉండదు. నల్లరేగడిలో జొన్న, పత్తి పండే పల్నాటి మెట్ట పొలాల్లో పనిచేసే కూలికి, కావేరి డెల్టాలో వరి నాట్లు వేసే కూలికి బట్టకట్టులో, పనిముట్టులో, జీతం తీసుకునే పద్ధతిలో తేడాలు ఉంటాయి. తలగుడ్డ చుట్టే తీరు చూసి ఊరు చెప్పగలిగిన సమాజం మనది. ఆ తేడాలన్నీ ఒకే నమూనాలో కలిసిపోయాయి.

4. మెకంజీ సేకరణ: లెక్కలోకి వచ్చినవి, రానివి

ఆంధ్ర ప్రాంత చరిత్రకు మెకంజీ సేకరణ ఎంత విలువైనదో చెప్పనవసరం లేదు. కాలిన్ మెకంజీ (1754–1821), అతని కింద పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు సేకరించిన సామగ్రిని హెచ్.హెచ్. విల్సన్ 1828లో పట్టికగా ప్రకటించాడు. అందులో 1,568 రాతప్రతులు, 8,076 శాసనాల నకళ్ళతో పాటు 2,630 చిత్రాలు లెక్కకు వచ్చాయి. 1800–1801 నాటి బాలాఘాట్, కర్ణాటక ప్రాంతాల వేషధారణల చిత్రాలు ఈ సేకరణలోనివే. మెకంజీ బృందం అత్యంత శ్రద్ధతో గీసిన వాటిలో అమరావతి శిల్పాల చిత్రాలు ముఖ్యమైనవి. నేటి పల్నాడు జిల్లాలోనే ఉన్న ఆ స్తూపాన్ని మెకంజీ 1790ల చివర చూశాడు. 1816 నుంచి అతని చిత్రకారులు ఫలకాలను కొలతలతో సహా చిత్రించారు. ఏ ఫలకం ఎక్కడ దొరికిందో నమోదైంది. ఆ మట్టిని తవ్వి ఫలకాలను పైకి తీసిన కూలీలకు మాత్రం అటువంటి నమోదు దక్కలేదు.

ఇందుకు భిన్నమైన ఒక చిత్రం కూడా మెకంజీ పేరుతోనే ముడిపడి ఉంది. 1816లో థామస్ హిక్కీ మద్రాసులో వేసిన మెకంజీ తైలవర్ణ చిత్రంలో ముగ్గురు భారతీయ సహాయకులు ఉన్నారు. వారిలో ఒకరు జైన పండితుడు ధర్మయ్య. దూరదర్శిని పట్టుకుని నిలబడినవాడు కిష్నాజీ అనే బంట్రోతు. ఒక బంట్రోతు ముఖానికి పేరు మిగిలింది. అతను యజమాని పక్కన నిలబడ్డాడు కాబట్టి మిగిలింది. శ్రామికునికి పేరు దక్కడం అతని పని మీద కాక అతని పక్కన ఎవరున్నారన్నదాని మీద ఆధారపడిందని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

ఢిల్లీలో విలియం ఫ్రేజర్ 1815–1819 మధ్య గీయించిన ఆల్బం మరో మినహాయింపు. అందులో నేటి హర్యానాలోని రానియా గ్రామస్థుల చిత్రాలు అనేకం ఉన్నాయి. వాటిపై వ్యక్తుల పేర్లు రాసి ఉన్నాయి. వయసు, చూపు, ముఖంలోని అలసట విడివిడిగా కనిపిస్తాయి. ఫ్రేజర్‌కు ఆ ఊరితో వ్యక్తిగత సంబంధం ఉండేది. కంపెనీ శైలికి వ్యక్తిని చిత్రించే శక్తి లేక కాదు, చాలామంది కొనుగోలుదారులకు వ్యక్తితో పనిలేక కులవృత్తుల చిత్రాలు ‘రకాలు’గా మిగిలాయని ఈ ఆల్బం నిరూపిస్తుంది.

5. ఆరోగ్యవంతుల బొమ్మలు, డొక్కల కరువు

కులవృత్తుల ఆల్బంలలో మనుషులు సాధారణంగా పుష్టిగా ఉంటారు. బట్టలు శుభ్రంగా, రంగులు నిండుగా ఉంటాయి. ఇటువంటి ఆల్బంలకు గిరాకీ ఉన్న కాలంలోనే, 1832–33లో, గుంటూరు ప్రాంతాన్ని కరువు తినివేసింది. నందన నామ సంవత్సరంలో వచ్చింది కనుక నందన కరువని, మనుషుల డొక్కలు బయటపడ్డాయి కనుక డొక్కల కరువని జనం దానికి పేర్లు పెట్టారు. సుమారు 5 లక్షల జనాభాలో లక్షన్నర నుంచి 2 లక్షల మంది చనిపోయారని అంచనా. వర్షాధారపు పల్నాడు ఆ ప్రాంతంలో భాగమే. ఆ తర్వాత ఏళ్ళ తరబడి శిస్తు వసూళ్ళు కోలుకోలేదు. కారణాలు విచారించడానికి నియుక్తుడైన వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతిలో తవ్వకాలు జరిపించినవాడే. ఆ తవ్వకాల్లో దొరికిన శిల్పాలు చివరకు లండన్ చేరాయి.

కరువు మనిషి చిత్రంలోకి రావడానికి మరో నాలుగు దశాబ్దాలు, మరో యంత్రం కావలసివచ్చాయి. 1876–78 మద్రాసు కరువులో విలోబీ వాలెస్ హూపర్ తీసిన ఛాయాచిత్రాలలో ఎముకల గూళ్ళ వంటి మనుషులు గుంపులుగా కనిపిస్తారు. 1868–1875 మధ్య ఎనిమిది సంపుటాలుగా వెలువడిన ‘పీపుల్ ఆఫ్ ఇండియా’కు ఛాయాచిత్రాలు అందించినవారిలో కూడా హూపర్ ఉన్నాడు. కులాన్ని నమూనాగా చూసిన కెమెరాయే కరువును కూడా చూసింది. రెండు సందర్భాలలోనూ పేర్లు లేవు. నీటిరంగుల బొమ్మ ఆకలిని దాచింది, ఛాయాచిత్రం ఆకలిని చూపి మనిషిని దాచింది.

6. ఐరోపాలో పరిగె ఏరినవారు, రాళ్ళు కొట్టినవారు

ఇదే శతాబ్దంలో ఐరోపాలోనూ గ్రామీణ శ్రామికుడు చిత్రవస్తువయ్యాడు. గుస్తావ్ కూర్బే 1849లో రోడ్డు పక్కన రాళ్ళు కొట్టే ఇద్దరిని పెద్ద పటంగా వేశాడు. ముసలివాని ముఖం టోపీ నీడలో ఉంటుంది, కుర్రవాడు మనవైపు వీపు తిప్పి ఉంటాడు. మాచర్ల పరిసరాల్లో నాపరాయి గనుల పనిని చూసినవారికి ఆ వంగిన నడుములు పరిచయమైనవే. 1857లో జాఁ ఫ్రాన్సువా మిలే వేసిన చిత్రంలో ముగ్గురు స్త్రీలు కోసిన చేలో రాలిన వెన్నులు ఏరుకుంటూ ఉంటారు. మనవైపు ఆ పనిని పరిగె ఏరుకోవడం అంటారు. కోత అయిన చేలో పేదలకు మిగిలే హక్కు అది. విన్సెంట్ వాన్ గో 1884–85లో న్యూనెన్ గ్రామంలో సుమారు నలభై రైతు ముఖాలు అధ్యయనంగా గీసి, ఆ సాధన ఫలితంగా 1885లో ‘బంగాళదుంపలు తినేవారు’ చిత్రాన్ని పూర్తిచేశాడు.

ఈ చిత్రాలను కంపెనీ చిత్రాలకు ఉన్నతమైన ప్రత్యామ్నాయంగా నిలబెట్టడం సులభం. కాని అది సగం నిజమే. కూర్బే, మిలే చిత్రాలలోనూ శ్రామికులకు పేర్లు లేవు, ముఖాలు కూడా పూర్తిగా కనిపించవు. వాన్ గో సైతం ఆంగ్ల పత్రికల్లో వచ్చిన ‘జనం ముఖాలు’ వంటి వరుసలను ఇష్టపడి, తాను కూడా రైతు ‘రకాన్ని’ వెతికాడు. తేడా వేరే చోట ఉంది. మొదటిది, ఐరోపా చిత్రకారులు శ్రామికుణ్ణి పనిలో చూపారు. కంపెనీ చిత్రంలో పనిముట్టు ఉంటుంది, పని జరగదు. రెండవది, ఆ చిత్రాలను చూసినవారు ఆ దేశపు పౌరులే. మిలే చిత్రాన్ని చూసి పారిస్ విమర్శకులు కొందరు విప్లవ భయంతో కలవరపడ్డారు. మద్రాసు ఆల్బం మాత్రం సముద్రం దాటిపోయింది. అందులోని మనిషిని చూసి కలవరపడవలసిన వ్యక్తి ఎదురుగా లేడు.

7. తమ బొమ్మను తామే వేయించుకున్నవారు

తెలుగు నేల మీద శ్రామిక కులాల చిత్రణకు కంపెనీ చిత్రాలు ఒక్కటే ఆధారం కాదు. తెలంగాణలో నకాషీ చిత్రకారులు గుడ్డ మీద వేసే పటాలు అంతకన్నా పాత సంప్రదాయం. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం, గౌడులకు గౌడజెట్టివారు గౌడపురాణం, చాకలివారికి పటంవారు మడేలు పురాణం, మాదిగలకు డక్కలివారు జాంబపురాణం పటం విప్పి చెబుతారు. ఇక్కడ బొమ్మ వేసేవాడు నకాషీ, వేయించేవాడు కథకుడు, చూసేవాడు, దానమిచ్చేవాడు శ్రామికుడు.

మడేలు పురాణపు పటంలోని చాకలిని, కంపెనీ ఆల్బంలోని చాకలిని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టమౌతుంది. రెండింటిలోనూ ముఖం వ్యక్తిగత పోలికతో ఉండదు. నకాషీ ముఖం నిజానికి మరింత అచ్చువేసినట్టు ఉంటుంది. అయినా పటంలోని మూలపురుషునికి పేరుంది, పుట్టుక ఉంది, వృత్తి ఎందుకు వచ్చిందో చెప్పే కథ ఉంది. దానిని చూస్తున్నవారికి ఆ కథ తమదే. కనుక వ్యక్తిత్వం కేవలం ముఖకవళికల చిత్రణ వల్ల వస్తుందన్న భావనను ఈ పటాలు సవరిస్తాయి.

పల్నాడు ఈ వాదానికి మరో కోణం చేర్చుతుంది. కారెంపూడి వీర్లగుడిలో వీరులను ఆయుధాల రూపంలో కొలుస్తారు. కార్తికమాసంలో అమావాస్య మొదలు ఐదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు పేర్లతో ఉత్సవం సాగుతుంది. అక్కడ ముఖచిత్రాలు ప్రధానం కావు; ఒక కత్తిని చూపి ఇది ఫలానా వీరునిదని చెబుతారు. బ్రహ్మనాయుని సేనాని మాల కన్నమదాసు పేరు ఆ విధంగానే నిలిచింది. పల్నాటి వీరుల కథను తరతరాలుగా పాడుతున్న వీరవిద్యావంతులు మాల కులానికి చెందినవారు. 1982లో జీన్ రోఘైర్ ఆంగ్లంలో ప్రకటించిన పల్నాటి వీరగాథ ఆలిసెట్టి గాలెయ్య పాడిన పాఠం మీద ఆధారపడింది. కంపెనీ చిత్రంలో పనిముట్టు మనిషి పేరుకు బదులుగా నిలిచింది. కారెంపూడిలో ఆయుధం మనిషి పేరును మోస్తూ నిలిచింది. వస్తువు రెండు చోట్లా ఉంది; దాని పక్కన పాడే గొంతు ఒక్క చోటే ఉంది.

8. చిత్రం నుంచి సాహిత్యానికి

పల్నాటి రైతులు అడవిలో పశువులు మేపుకోవడానికి కట్టవలసిన పుల్లరికి వ్యతిరేకంగా 1921–22లో ఉద్యమించారు. మించాలపాడుకు చెందిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో మరణించాడు. ఈ ఉద్యమ సందర్భంలోనే ఉన్నవ లక్ష్మీనారాయణ జైలుకు వెళ్ళారు. ఆయన పుట్టిన వేములూరుపాడు నాటి సత్తెనపల్లి తాలూకాలోనిది. రాయవేలూరు జైలులో ఆయన రాసిన ‘మాలపల్లి’ 1922లో వెలువడి, మరుసటి ఏడాదే నిషేధానికి గురైంది. ఆల్బంలలో ‘పాలేరు’ అన్న ఒక్క మాటగా మిగిలిన మనిషి ఈ నవలలో సంగదాసు అయ్యాడు. అతనికి తండ్రి రామదాసు, అన్న వెంకటదాసు, ఒక ఊరు, కూలి గురించి స్పష్టమైన అభిప్రాయం ఉన్నాయి. నవలకు ‘సంగవిజయము’ అన్న మరో పేరు కూడా ఉండటం యాదృచ్ఛికం కాదు. ఒక పాలేరు పేరు గ్రంథనామంలోకి వచ్చింది.

వినుకొండలో 1895లో పుట్టిన గుఱ్ఱం జాషువా ‘గబ్బిలం’ (1941) ఈ చర్చను మరింత సూక్ష్మం చేస్తుంది. అందులో కథానాయకునికి వ్యక్తినామం లేదు, అతను అరుంధతీసుతుడు. కంపెనీ చిత్రంలోలాగే కులమే గుర్తుగా ఉంది. కాని ఇక్కడ అతను మాట్లాడతాడు, కాశీ విశ్వేశ్వరునికి గబ్బిలం చేత సందేశం పంపుతాడు. పేరు లేకపోవడం ఒక్కటే లోపం కాదని, మాట లేకపోవడం అంతకన్నా పెద్ద లోపమని ఈ కావ్యం గుర్తుచేస్తుంది.

9. ముగింపు

కంపెనీ చిత్రాలను తిరస్కరించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. బట్టకట్టు, నగలు, పనిముట్లు, సరుకుల మోత వంటి భౌతిక జీవన వివరాలకు అవి విలువైన ఆధారాలు. కాని అవి ‘నాటి గ్రామీణుల రూపం ఇది’ అని చెప్పే సాక్ష్యాలు కావు. ‘నాటి గ్రామీణులను ఇలా చూడాలని కొన్నవారు కోరుకున్నారు’ అని చెప్పే సాక్ష్యాలు. ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• కులవృత్తుల చిత్రాలలో పేరు, ఊరు లేకపోవడానికి కారణం చిత్రకారుని అశక్తత కాదు, కొనుగోలుదారుని అవసరం. ఫ్రేజర్ ఆల్బం ఇందుకు నిదర్శనం.

• చిత్రించినవాడు, చిత్రితుడు ఇద్దరూ శ్రామికులే. ఇద్దరి పేర్లూ ఒకే కారణం చేత పోయాయి.

• డొక్కల కరువు నాటి వాస్తవాన్ని పక్కన పెట్టి ఈ బొమ్మలను చదివితే, అమ్మకానికి తయారైన సుభిక్షాన్ని చరిత్రగా పొరబడే ప్రమాదం ఉంది.

• నకాషీ పటాలు, పల్నాటి వీరగానం శ్రామిక కులాలు తమ చరిత్రను తామే పోషించుకున్న ప్రతిసంప్రదాయాలు. కంపెనీ చిత్రాలను వాటి పక్కన పెట్టి బోధించడం అవసరం.

• చిత్రంలో పోయిన పేరును, మాటను సాహిత్యం కొంతవరకు తిరిగి ఇచ్చింది. అందులో గుంటూరు ప్రాంతపు రచయితల పాత్ర ప్రత్యేకమైనది.

తరగతి గదిలో ఇటువంటి చిత్రాన్ని చూపే అధ్యాపకుడు దాని కింద కులం పేరు ఒక్కటే ఉంచితే, ఆల్బం తయారుచేసినవాని పనినే మరోసారి చేసినట్లవుతుంది. ఎవరు గీయించారు, ఎవరు కొన్నారు, ఏమి రాయలేదు అన్నవి కూడా అక్కడ ఉండాలి. ఇక ఆ విద్యార్థి అడిగిన పేరు ఆ చిత్రంలో దొరకదు. కాని అతని తాత పేరు, ఆయన వాడిన ఆరె, కత్తి, ఆయన పనిచేసిన ఊళ్ళు ఇంకా ఇంట్లోవారి జ్ఞాపకంలో ఉన్నాయి. ప్రాజెక్టు పనిగా వాటిని రాసుకురమ్మని ఆ తరగతికి చెప్పాను. పల్నాటి శ్రామిక చరిత్రకు అవి కూడా ఆధారాలే.